ఊపిరి పీల్చే సరుకు

ఈమధ్య ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒక కుర్రవాడు టీ కప్పు పట్టుకుని నా పక్క కుర్చీలోకి వస్తున్నాడు. "అంకుల్, ట్రక్ లైసెన్స్ తీసుకుందామనుకుంటున్నా, ఏమంటారు?" అంటాడు. చదువుకోవడానికి వచ్చి, గోదాముల్లో షిఫ్టులు చేస్తూ, పర్మనెంట్ రెసిడెన్సీ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు వీళ్లు. వీళ్లకి చెప్పాల్సింది టీ చల్లారేలోపు అయిపోయేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

గేర్లు ఎలా మార్చాలో, ఏ పరీక్ష ఎలా పాసవ్వాలో ఇందులో ఉండదు. అది ట్రక్ స్కూలు వాళ్లు చెబుతారు. నా చేతి కింద బండి నడిచినన్నాళ్లూ నేను మోసింది పొలం సరుకే. బంగాళదుంపలు, ఉల్లిపాయలు, ఆపిల్స్, గోధుమలు, తేనెటీగలు. టీవీలు, సోఫాలు మోసిన మిత్రులు నాకంటే తేలిగ్గా బతికారు. అయినా మళ్లీ మొదలుపెట్టమంటే నేను దుంపలతోనే మొదలుపెడతాను. ఎందుకో ఇది చదివాక మీకే తెలుస్తుంది.

మాట మీద నడిచే బండి

ఒకప్పుడు ఈ దేశంలో మామూలు సరుకు మోసే ట్రక్కు ఏ దారిలో తిరగాలో, ఎంత కిరాయి తీసుకోవాలో ప్రభుత్వ బోర్డులు చెప్పేవట. పొలం నుంచి వచ్చే సరుకును మాత్రం చాలాచోట్ల ఆ కట్టుబాటు నుంచి వదిలేశారు. పంట పండితే ఆగదు, బోర్డు అనుమతి వచ్చేదాకా టమాటా ఎదురుచూడదు కదా. నేను వచ్చేసరికే ఆ కట్టుబాట్లు మిగతా సరుకుకి కూడా చాలావరకు సడలిపోయాయి. సరిహద్దు దాటి అమెరికా వైపు వెళితే ఆ తేడా ఇంకా కనిపిస్తుంది. అక్కడ పచ్చి దుంప పొలం సరుకు. దాన్ని కోసి వేయించారా, ఇక అది మామూలు సరుకే.

కొందరు కుర్రాళ్లు ఇది విని, "అయితే రూల్స్ ఉండవన్నమాట" అని సంబరపడతారు. తప్పు. బ్రేకులకు, బరువుకు, నిద్రకు నియమాలు అందరికీ ఒక్కటే. వదిలేసింది కిరాయి, దారి, అంతే. ఆ ఖాళీలోకి ఏం వచ్చిందంటే, మాట వచ్చింది. రైతు ఫోన్ చేసి, "మంగళవారం వస్తావా?" అంటాడు. వస్తానంటే వెళ్లాలి. అవునంటే అవును, కాదంటే కాదు. ఈ పనిలో అడుగుపెట్టేదాకా ఆ వాక్యం ఆదివారం వినే మాట అనుకున్నాను. అది సోమవారం పొద్దున పని చేసే మాట.

దుంపల నుదురు

నా మొదటి యజమాని, నిజానికి నా ఒక్కగానొక్క యజమాని, దేవదానం గారు. ఆయనది కృష్ణా జిల్లా, నాది గుంటూరు వైపు. ఆయన మా సంఘంలో పెద్ద. కొద్దిపాటి ట్రక్కులతో ఎటోబికో అనే చోట, విమానాశ్రయం పక్కనున్న గోదాముల మధ్య ఒక యార్డు అద్దెకు తీసుకుని నడిపేవారు. కోపం వస్తే కేకలు వేసేవారు కాదు, దావీదు గురించో యోనా గురించో మొదలుపెట్టేవారు. కేకలే నయమనిపించేది.

నా మొదటి చలికాలం విన్నిపెగ్ పంపారు. ఆయనే తోడు వచ్చారు. ఊరికి అవతల ఒక రైతు గోదాములో విత్తన దుంపలు ఎక్కించుకోవాలి. బయట ఊపిరి వదిలితే మీసం మీద మంచు కడుతోంది. మా వెనక ఉన్నది రీఫర్, అంటే లోపల చల్లబరిచే యంత్రం ఉన్న ట్రెయిలర్. ఆ చలిలో అదే యంత్రాన్ని తిప్పి వేడి కోసం వాడతారని అప్పుడే తెలిసింది.

గోదాములో కొండలా దుంపల కుప్ప. దేవదానం గారు చేతి తొడుగు తీసి, మోచేతి దాకా చేయి ఆ కుప్పలోకి దూర్చారు.

"రా సామ్యేలూ. జ్వరం చూసినట్టు చూడాలి."

"దుంపలకి జ్వరమేంటండీ?"

"ముందు చెయ్యి పెట్టవయ్యా. తర్వాత మాట్లాడుదువు."

పెట్టాను. లోపల వెచ్చగా ఉంది. బయట గాలి చర్మాన్ని కోస్తోంది, నా వేళ్ల చుట్టూ మాత్రం పసిపిల్లవాడి పక్కలో ఉండేంత వెచ్చదనం. అక్కడ పొయ్యి లేదు. అది దుంపలదే. నేలలోంచి తవ్వి నెలలైనా అవి బతికే ఉన్నాయి. గాలి పీలుస్తున్నాయి, వేడి వదులుతున్నాయి, వసంతం కోసం చూస్తున్నాయి. నేను బళ్లో సైన్సు చదివినవాణ్ణే. కానీ ఆ రోజు చెయ్యి బయటికి తీయాలనిపించలేదు. దేవుడు ఒకప్పుడు ఊపిరి ఊది వదిలేశాడని, ఆ పని అక్కడితో అయిపోయిందని అనుకునేవాణ్ణి. అది ఆ కుప్పలో ఇంకా జరుగుతూనే ఉంది.

అదే వారం వేరే కంపెనీ డ్రైవర్ ఒకతను చలికి భయపడి ట్రెయిలర్ గాలి కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కూడా కుక్కి దుంపలు తెచ్చాడు. దింపినప్పుడు దుంపలు నిగనిగలాడుతున్నాయి. కొనేవాడు ఒకటి కోసి చూపించాడు. నడిమధ్యన బొగ్గులా నలుపు. గడ్డకట్టి కాదు, ఊపిరాడక. పైకి తెల్లగా, లోపల కుళ్లుగా ఉండే సున్నం కొట్టిన సమాధుల గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఆ కోసిన దుంప చెప్పినంత బాగా ఒక్కటీ చెప్పలేదు.

కాబట్టి నా మొదటి మాట ఇది. సరుకు అనకండి. లోపల ఎవరో ఉన్నారనుకోండి.

"ఆదివారం బండి తీస్తావా?"

ఇది నన్ను చాలామంది అడిగారు. కొందరు ప్రేమతో, కొందరు దెప్పిపొడవడానికి. విశ్రాంతి దినాన గోతిలో పడిన ఎద్దును పైకి తీయరా అన్న బైబిలు ప్రశ్న మనందరికీ తెలుసు. నా బండి నిండా ఎద్దులే, కొన్నిటికి కాళ్లు లేవు, కొన్నిటికి రెక్కలున్నాయి అని జవాబు చెప్పేవాణ్ణి. అయితే ఆ జవాబును డబ్బాశకు ముసుగుగా వాడుకునే డ్రైవర్లనూ చూశాను. నెలల తరబడి ఆరాధన మానేసి, కిరాయిల వెంట పరుగెత్తి, "పొలం సరుకండీ, ఆగదండీ" అంటారు. ఆగుతుందో ఆగదో మీకు తెలుసు, దేవునికి తెలుసు.

కానీ ఆగకూడని చోట ఆగడం కూడా ఉంది. అది చాలా భక్తిగా జరుగుతుంది. అసలు చెప్పాలనుకున్నది దాని గురించే.

మార్తా తేనెపెట్టెలు

వసంతం చివర్లో న్యూ బ్రన్స్‌విక్‌లో బ్లూబెర్రీ పొదలు పూస్తాయి. ఆ పూలన్నిటినీ తాకడానికి అక్కడి తేనెటీగలు చాలవు. అందుకని ఒంటారియో నుంచి తేనెటీగల పెట్టెలు ట్రక్కుల్లో పోతాయి. పూలు రాలాక మళ్లీ ఇంటికి తెస్తారు.

నయాగరా వైపు మార్తా అనే పెద్దావిడ ఈగలు పెంచేది. భర్త పోయాక ఒంటరిగా నడిపేది. ఆ ఏడాది చలికాలం ఆమె పెట్టెల్లో సగం ఖాళీ చేసింది. మిగిలిన సగమే మా ట్రెయిలర్ మీదికి ఎక్కింది. అవి కూడా పోతే ఆమెకు ఇక ఆ పని లేదు. ఈ మాట ఏడుస్తూ చెప్పలేదు. పట్టీలు బిగిస్తూ, వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

"ఎండలో బండి ఆపొద్దు," అంది. "నడుస్తున్నంతసేపు గాలి తగులుతుంది, లోపల నెమ్మదిగా ఉంటాయి. ఆపితే పెట్టె పొయ్యి అవుతుంది. గాలి కోసం అన్నీ బయటికొస్తాయి, వల కింద ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి. తప్పక ఆపాల్సి వస్తే నీళ్లు చల్లండి. వాన అనుకుని లోపలికి పోతాయి."

దేవదానం గారు, "మాట ఇస్తున్నాను," అన్నారు.

ట్రెయిలర్ కొత్తది. దానికి ప్రతిష్ఠ ప్రార్థన ఇంకా జరగలేదు. ఆయన బావమరిది మాంట్రియల్‌లో మన తెలుగు సంఘానికి పాస్టర్. ఈగల్ని దింపి ఖాళీ బండితో తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ప్రార్థన పెట్టించాలని అనుకున్నాం. అనుకున్నది అంతవరకు సవ్యంగానే ఉంది.

శనివారం సాయంత్రం ఈగలన్నీ గూటికి చేరాక పెట్టెలు ఎక్కించి, పైన వల కప్పి బయలుదేరాం. నేనూ దేవదానం గారూ మార్చి మార్చి నడిపాం. మార్తా తన చిన్న పికప్ ట్రక్కులో మాకంటే ముందు వెళ్లిపోయింది. తెల్లారకముందే మాంట్రియల్ దాటాలి. కానీ కింగ్‌స్టన్ దగ్గర యాక్సిడెంట్ జరిగి హైవే మూసేశారు. చల్లని వేళ కాబట్టి ఈగలకు ఏమీ కాలేదు, మాకు సమయం పోయింది. మాంట్రియల్ చేరేసరికి ఆదివారం, ఎండ ఎక్కుతోంది, సరిగ్గా ఆరాధన వేళ.

దేవదానం గారి ముఖం వెలిగిపోయింది.

"చూశావా సామ్యేలూ, టైమ్ ఎవరు కుదిర్చారో. ఎగ్జిట్ తీసుకో."

"మార్తా గారు ఆపొద్దన్నారు కదండీ."

"ఐదు నిమిషాలయ్యా. ఐదు నిమిషాల్లో ఏమైపోద్ది?"

"మీ బావమరిది గారి ప్రార్థన ఐదు నిమిషాల్లో ఎప్పుడైంది?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఎగ్జిట్ తీసుకున్నాను.

ఆమేన్

అద్దెకు తీసుకున్న పాత చర్చి అది. ముందు తారు వేసిన పార్కింగ్, ఒక్క చెట్టు నీడ లేదు. సంఘం అంతా బయటికి వచ్చింది. ఎక్కువమంది విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు. తెల్ల చీరల్లో ఆడవాళ్లు. నల్ల సూటులో పాస్టర్ గారు. అందరూ ట్రెయిలర్ చుట్టూ నిలబడి దాని మీద చేతులు ఉంచారు. దేవదానం గారు గౌరవం కోసం ఇంజన్ ఆపేశారు.

పాస్టర్ గారు సృష్టి మొదటి దినంతో మొదలుపెట్టారు.

నేను కళ్లు మూసుకున్నాను. చీకటి వెలుగు వేరయ్యాయి, నీళ్లు నేల వేరయ్యాయి. ఆ మాటల కింద ఇంకో శబ్దం వినిపిస్తోంది. మేము దారంతా విన్నది నెమ్మదైన రొద, నిద్రపోయేవాడి ఊపిరి లాంటిది. అది ఇప్పుడు పైకి లేస్తోంది. పాస్టర్ గారు నోవహు దగ్గరికి వచ్చారు. మా ట్రెయిలర్ ఓడ అయింది. కళ్లు తెరిచి చూశాను. ఎండ వైపు పెట్టెల ముందు గోధుమరంగు గడ్డాలు వేలాడుతున్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని గాలి కోసం బయటికి వచ్చిన ఈగలు. చూస్తుండగానే వల నల్లబడుతోంది.

మనలో ప్రార్థన మధ్యలో ఆపే పద్ధతి లేదు. ఇల్లు కాలుతున్నా ముగింపు కోసం ఆగుతాం. నాకు తోచింది ఒక్కటే. గట్టిగా, "ఆమేన్!" అన్నాను.

"ఆమేన్!" అంది సంఘమంతా.

పాస్టర్ గారికి అది ప్రోత్సాహమైంది. గొంతు రెండింతలు చేసి అబ్రాహాము దగ్గరికి వెళ్లారు.

అప్పుడు ఒక ఈగ వల సందులోంచి వచ్చి ఆయన చెవి మీద కుట్టింది. తర్వాత మరొకటి. ఈగలు పెంచేవాళ్లు తెల్లబట్టలే వేసుకుంటారు, నలుపు చూస్తే ఈగలకు కోపం. తెల్ల చీరల జోలికి దాదాపు ఏదీ పోలేదు. నల్ల సూటు మీదికే పోయాయి. ప్రార్థన అబ్రాహాము గుడారం దగ్గర ఆగిపోయింది.

"నీళ్లు కావాలి," అన్నాను. "చాలా నీళ్లు. ఇప్పుడే."

బయటి కొళాయికి తాళం. తాళం చెవి చర్చి అద్దెకిచ్చినవాళ్ల దగ్గర, వాళ్లు ఊళ్లో లేరు. వంటగది కొళాయి నుంచి బిందె నిండేలోపు ఒక వరస చచ్చిపోతుంది. దేవదానం గారు వల పట్టుకుని నిలబడిపోయారు. అంత పెద్దమనిషి ముఖం అలా పాలిపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"అంకుల్," అని ఒక గొంతు. కిరణ్ అని, ఇంజినీరింగ్ చదివే కుర్రవాడు. తెల్ల లాల్చీలో ఉన్నాడు. "లోపల ట్యాంక్ నిండా వాటర్ ఉంది. నా బాప్టిజం కోసం నింపారు."

పశువులకు నీళ్లు పెట్టడానికి రైతుల దుకాణంలో అమ్మే పెద్ద ఇనప తొట్టి అది. తెల్లారి నుంచి నింపారట. అందరం పాస్టర్ గారి వైపు చూశాం. ఆయన చెవి పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డారు.

"నీళ్లు నీళ్లేనయ్యా," అన్నారు. "తీసుకెళ్లండి."

పాస్టరమ్మ గారు అప్పటికే మధ్యాహ్నం భోజనాల కోసం తెచ్చిన బిర్యానీ డేక్షాలు ఖాళీ చేయిస్తున్నారు. "అన్నం టేబుల్ మీద పొయ్యండి, పర్లేదు, డేక్షా ఇటివ్వు. ఒరేయ్, పిల్లల్ని లోపలే ఉంచండి." తొట్టి నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి ట్రెయిలర్ దాకా వరస కట్టారు. డేక్షాలు, బకెట్లు, టీ కెటిల్ కూడా చేతులు మారుతూ వచ్చాయి. బండి అదురుతుంటే ఈగలు నెమ్మదిస్తాయని నేను ఇంజన్ స్టార్ట్ చేసి, నిచ్చెన వేసుకుని పైనుంచి చల్లాను. కింద నుంచి ఆడవాళ్లు దోసిళ్లతో చల్లారు. ఆ నీళ్లలో మసాలా వాసన.

అప్పుడు చూశాను. నీళ్లు పడిన చోటల్లా ఆ గడ్డాలు విడిపోయాయి. తోపులాట లేదు. ఒకదాని వెనక ఒకటి, వాన పడితే మనం వరండాలోకి నడిచినట్టు, ప్రతి ఈగా తన పెట్టెలోకి నడిచి వెళ్లింది. ఎవరూ దారి చూపలేదు. రొద దిగింది, దిగింది, మళ్లీ నిద్రపోయేవాడి ఊపిరి అయింది. నా జీవితంలో చూసిన అతి పెద్ద ఆరాధన అదే, దానికి పాట లేదు, ప్రసంగం లేదు.

వెంటనే బండి కదిలించాను. కిరణ్‌కి సాయంత్రం మళ్లీ తొట్టి నింపి బాప్తిస్మం ఇచ్చారని తర్వాత ఫోన్‌లో విన్నాను.

"దేని కోసం?"

క్యుబెక్ సిటీ దాటేదాకా దేవదానం గారి నోట దావీదు లేడు, యోనా లేడు. చివరికి, "ఇంజన్ ఎందుకాపాను సామ్యేలూ?" అన్నారు.

"గౌరవం కోసమండీ."

"ఎవరి గౌరవం?" అన్నారు. ఆయన అడిగింది నన్ను కాదు.

"మార్తా గారికి ఫోన్ చేద్దామా?" అన్నాను.

"ముఖం చూసి చెప్పాల్సింది ఫోన్‌లో చెప్పకూడదు."

పొద్దు వాలుతుండగా తోటకు చేరాం. మార్తా వచ్చి ట్రెయిలర్ అంచున పడి ఉన్న చచ్చిన ఈగలను చూసింది. ఒక పిడికెడు తీసి, తడిగా ఉన్నాయని గమనించింది.

"ఎక్కడ ఆపారు?"

"మాంట్రియల్‌లో, చర్చి దగ్గర," అన్నారు దేవదానం గారు. "నేనే ఆపించాను. ఇతను వద్దన్నాడు."

"ఎందుకు?"

"ప్రార్థన కోసం."

"నా ఈగల కోసమా?"

ఆయన తల దించుకున్నారు. "కాదమ్మా. ట్రెయిలర్ కోసం."

ఆమె వల తీయించి, ఒక్కో పెట్టెకు చెవి ఆనించి, వేలితో కొట్టి, వింటూ వెళ్లింది. మేము దింపుతున్నంతసేపూ అలాగే విన్నది. కొన్ని పెట్టెల దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఇక వాటి గురించి తెల్లారితేనే తెలుస్తుందని చెప్పి పికప్‌లోకి వెళ్లి పడుకుంది.

తెల్లారి ఎండ తగలగానే ఈగలు బయటికి వచ్చాయి. తిన్నగా పూల మీదికి పోలేదు. ఒక్కొక్కటీ గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, తన పెట్టెకు ఎదురుగా గాలిలో అటూ ఇటూ ఊగింది. కొత్త చోటు, కొత్త వెలుగు. ఇల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటున్నాయని మార్తా చెప్పింది. తర్వాత వలయాలు పెద్దవయ్యాయి. తర్వాత ఆ తోట మొత్తం, కనుచూపు మేర తెల్లపూల పొదలు, ఒకే గొంతుతో పాడడం మొదలుపెట్టింది. ఆరు దినాల సృష్టి గురించి పాస్టర్ గారు అంతసేపు చెప్పారు కదా. నేను ఏడోదినం చూస్తున్నాననిపించింది.

ఎండ వైపు పై వరసలో కొన్ని పెట్టెలు పోయాయి. మిగతావన్నీ ఎగిరాయి.

దేవదానం గారు పోయిన పెట్టెల సంగతి ఎత్తబోయారు. మార్తా చెయ్యి ఎత్తి ఆపింది.

"వచ్చే ఏడాది వీటి కోసం ప్రార్థన చెయ్యండి," అంది. "బండి ఆపకుండా చెయ్యండి."

వచ్చే ఏడాది అన్న మాట విని ఆయన పొదల మధ్య కూర్చుండిపోయారు.

ఆ తర్వాత చాలా వసంతాలు ఆమె పెట్టెలు మోశాం. మాంట్రియల్ వంతెన ఎక్కేటప్పుడు ఆయన కళ్లు తెరిచి, చేతులు స్టీరింగ్ మీద ఉంచి, రెండు ముక్కల్లో ప్రార్థించేవారు. ఇప్పుడు ఆయన లేరు. నాకు ఆ అలవాటు మిగిలింది.

పోయిన ఆదివారం

నన్ను సలహా అడిగిన కుర్రాళ్లలో ఒకడు నా మాట వినేలోపే లైసెన్సు తీసుకున్నాడు. పోయిన ఆదివారం మా చర్చి ముందుకి తన బండి తెచ్చాడు. "అంకుల్, మీరే ప్రార్థన చెయ్యాలి," అన్నాడు. అందరూ చుట్టూ చేరారు. వాడు సీట్లోనే వంగి ఇంజన్ ఆపబోయాడు.

"లోపల ఏముంది బాబూ?"

"కోడిపిల్లలు అంకుల్. పొద్దున్నే గుడ్డు పగిలి వచ్చినవి."

"అయితే ఆపకు. ఫ్యాన్లు తిరగనీ. సీట్లోనే కూర్చో."

చెవి పెట్టి విన్నాను. లోపల సన్నగా, లెక్కలేనన్ని గొంతులు. ట్రెయిలర్ మీద అరచేయి పెట్టాను, కళ్లు తెరిచే ఉంచాను. మా ఆడవాళ్లు ఇంకా కొంగులు తలమీదికి లాక్కుంటున్నారు. నేను అప్పటికే ఆమేన్ అనేశాను.